నిప్పు ముందు నిప్పుగా మండాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దారి పట్టాయి. మంచులోనో అడవిలోనో నడిసముద్రంలోనో చిక్కుకున్న మనిషి ప్రాణం నిలుపుకోవడానికి పడే పెనుగులాట, దాన్ని కథగా మలిచే శిల్పం, ఆ శిల్పంలోంచి పుట్టే అర్థం. ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ముప్పై ఏళ్లు కథలు పాఠం చెప్పినదాన్ని. ఏ కథ చదివి వినిపించినప్పుడు తరగతి గది ఊపిరి బిగబట్టిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమెరికా రచయిత జాక్ లండన్ కథ 'టు బిల్డ్ ఎ ఫైర్' మాకు పాఠ్యాంశం. 'శిల్పం ఇతివృత్తాన్ని ఎలా వ్యక్తం చేస్తుంది?' అని పరీక్షలో అడిగారు. నిప్పు ప్రాణానికి ప్రతీక, చలి మృత్యువుకు ప్రతీక, కుక్క సహజజ్ఞానానికి ప్రతీక అని రాశాను. పదికి నాలుగు మార్కులు వచ్చాయి. ఇందులో తప్పేముంది?

జవాబు: మీరు రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ మూడు వాక్యాలూ కథ చదవనివాళ్లు కూడా రాయగలరు. నిప్పు, చలి, కుక్క ఉన్న ఏ కథకైనా అవి అతుకుతాయి. మీ అధ్యాపకులకు లోటుగా తోచినది అదే అయి ఉంటుంది.

ముందుగా 'ఇతివృత్తం' అన్న మాటను కాసేపు పక్కన పెడదాం. కథలో జరిగేదాన్నీ ఇతివృత్తమే అంటున్నాం, కథ చెప్పదలచుకున్నదాన్నీ ఇతివృత్తమే అంటున్నాం. ఈ రెండోదాన్ని నేను 'లోపలి మాట' అంటాను. రచయిత తాను పైకి అనకుండా, చదివేవారి చేత అనిపించే మాట అది.

ఇక కథలోకి వెళ్దాం. కెనడా వాయవ్యాన ఉన్న యూకాన్ ప్రాంతపు మంచుదారి, ఒక మనిషి, వెంట ఒక కుక్క. చలి సున్నాకు దిగువన 75 ఫారెన్‌హీట్ డిగ్రీలు. సెల్సియస్‌లో సుమారు మైనస్ 59. బయలుదేరిన కాసేపటికి అతడు ఉమ్ముతాడు. ఉమ్మి నేలను తాకకముందే గాలిలో పటపటమంటుంది. సున్నాకు దిగువన యాభై ఉన్నప్పుడు ఉమ్మి మంచు మీద పడి చిట్లుతుందని అతడికి తెలుసు. గాలిలోనే చిట్లిందంటే చలి అంతకంటే ఎక్కువే అని కూడా గ్రహిస్తాడు. అంతటితో వదిలేస్తాడు. అంకె తెలిసింది, అంకెకు అర్థం తెలియలేదు. కుక్కకు థర్మామీటరు సంగతి ఏమీ తెలియదు, కానీ ఇది ప్రయాణం చేయదగిన రోజు కాదని దాని ఒంటికి తెలుసు. ఈ రెండు తెలివిడులనూ రచయిత ఒకే దారి మీద పక్కపక్కనే నడిపిస్తాడు. ఏది గొప్పదో చెప్పడు.

ఇప్పుడు మంటలను లెక్కపెట్టండి. మొదటిది మధ్యాహ్న భోజనం దగ్గర వేసుకున్న మంట. అది సులువుగా అంటుకుంటుంది, అతడు హాయిగా తింటాడు. రెండోది, మంచు కింద దాగిన నీళ్లలో కాలు దిగబడి తడిసిన తరువాత వేసినది. అది అవసరం. దాన్ని అతడు ఒక స్ప్రూస్ చెట్టు కింద వేస్తాడు, ఎందుకంటే పుల్లలు అక్కడ చేతికి అందుతాయి. పుల్ల లాగిన ప్రతిసారీ చెట్టు కాస్త కదులుతుంది. కొమ్మల మీది మంచు చివరికి జారి మంటను కప్పేస్తుంది. బతకడానికి అతడు చేసిన పనే, తన చేతులతో చేసిన పనే, మంటను ఆర్పింది. మూడోది ప్రాధేయపడడం. వేళ్లు పట్టు తప్పాయి. పుల్ల చేతిలో ఉందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవాల్సిన స్థితి. డెబ్బై అగ్గిపుల్లలను ఒక్కసారిగా, రెండు అరచేతుల మొదళ్ల మధ్య ఇరికించి గీస్తాడు. చర్మం కాలిన వాసన ముందు వస్తుంది, నొప్పి తరువాత తెలుస్తుంది.

నేను ఈ కథను మంచి ఎండాకాలం మధ్యాహ్నం పూట చదివి వినిపించాను. ఇక్కడికి వచ్చేసరికి వెనుక బెంచీలోని ఒక అబ్బాయి తన రెండు చేతులనూ చంకల్లో దాచుకున్నాడు. అతడికి ప్రతీక అన్న మాట నేను ఇంకా చెప్పలేదు. వేళ్లు చచ్చుబడడం గురించి మాత్రమే విన్నాడు.

తొమ్మిదో శతాబ్దంలో సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని గురించి, అంటే మాటల వెనుక స్ఫురించే అర్థం గురించి చెబుతూ ఒక పోలిక తెచ్చాడు. వెలుగు కావలసినవాడు దీపశిఖ మీద శ్రద్ధ పెడతాడు, ఎందుకంటే వెలుగుకు అదే ఉపాయం. అలాగే వ్యంగ్యార్థం, అంటే ఆ స్ఫురించే అర్థం కావలసినవాడు వాచ్యార్థం మీద, పైకి పలికిన అర్థం మీద శ్రద్ధ పెడతాడు. ప్రతీకల గురించి నేను నమ్మేదంతా ఈ పోలికలో ఉంది. జాక్ లండన్ వేసిన నిప్పు ముందు నిప్పుగా మండింది. పుల్లలు ఎంత లావువో, చెట్టు ఎందుకు కదిలిందో, అగ్గిపుల్లలు ఎన్నో అతడు చూపించాడు. అందువల్లనే ఆ నిప్పు ఆరినప్పుడు మనలో ఇంకేదో ఆరుతుంది.

మళ్లీ ఆ ప్రశ్న వస్తే ఒక్క మంటనే తీసుకోండి. రెండో మంట ఎక్కడ వేశాడు, ఎందుకు అక్కడే వేశాడు, ఎలా ఆరింది, ఆ ఆరడంలో అతడి వంతు ఎంత అని రాయండి. 'వస్తువుల్ని ఎరిగిన మనిషి వాటి అర్థాన్ని ఎరగకపోతే ఏమవుతుంది' అన్న లోపలి మాట దానంతట అదే మీ జవాబులోకి వస్తుంది. మార్కుల పూచీ నాది కాదు గాని, ఆ జవాబు మీదే అవుతుంది.

ప్రశ్న: ఆ కథలోని మనిషికి పేరు ఉండదు. మా కథల బృందంలో ఇప్పుడు అందరూ పేరు లేని పాత్రలే రాస్తున్నారు. ఇది శిల్పమా, అలవాటా?

జవాబు: పేరు ఎందుకు తీసేశారో చెప్పలేకపోతే అలవాటే.

స్టీఫెన్ క్రేన్ కథ 'ది ఓపెన్ బోట్' చూడండి. 1897 జనవరిలో కొమొడోర్ అనే ఓడ ఫ్లోరిడా దగ్గర మునిగినప్పుడు క్రేన్ స్వయంగా చిన్న పడవలో చిక్కుకున్నాడు. ఆ అనుభవమే అదే ఏడాది కథ అయింది. పడవలో నలుగురు. కెప్టెన్, వంటవాడు, విలేకరి, యంత్రాలకు నూనె వేసే పనివాడు. ముగ్గురికి పేర్లు లేవు. నాలుగో అతడిని మాత్రం బిల్లీ అని పిలుస్తారు. నలుగురిలోనూ బలంగా తెడ్డు వేసేవాడు, బాగా ఈదగలవాడు అతడే. ఒడ్డు చేరేముందు చనిపోయేదీ అతడే. మనకు పేరుతో తెలిసిన ఒకే ఒక్క మనిషి పోతాడు. బలం ఉన్నవాడు బతుకుతాడన్న మన నమ్మకాన్ని ఆ ఒక్క పేరు ఎంత నొప్పితో కోస్తుందో గమనించండి. లండన్ పేరు తీసేసి మనిషిని మంచులో ఒక చుక్కగా మార్చాడు. క్రేన్ ఒక్క పేరు ఉంచి అదే కథలో గాయం చేశాడు. మీ బృందంవారిని ఒక్క మాట అడగండి: ఈ కథలో పేరు పెడితే ఏం పాడవుతుంది? జవాబు దొరకకపోతే పేరు పెట్టేయమనండి.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. 'హాచెట్' అనే నవల చదివాడు. చివర్లో ఆ పిల్లవాడికి తుపాకి దొరికితే ఎగిరి గంతేయకుండా పక్కన పెట్టేస్తాడట. 'వాడికి పిచ్చా అమ్మా?' అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఆ పుస్తకంలో అసలైన చోట ఆగాడు. అతడికి నా ఆశీస్సులు చెప్పండి.

గ్యారీ పాల్సన్ ఈ నవలను 1987లో ప్రచురించాడు. పదమూడేళ్ల బ్రయన్ ఎక్కిన చిన్న విమానంలో పైలట్‌కు గుండెపోటు వస్తుంది. విమానం కెనడా అడవిలోని సరస్సులో కూలుతుంది. కుర్రవాడి దగ్గర మిగిలింది తల్లి ఇచ్చిన చిన్న చేతిగొడ్డలి. 54 రోజులు దానితోనే బతుకుతాడు.

మీ అబ్బాయిని నిప్పు పుట్టిన ఘట్టం మళ్లీ చదవమనండి. చీకట్లో ముళ్లపంది గుహలోకి వస్తుంది. భయంతో గొడ్డలి విసురుతాడు. అది రాతి గోడకు తగిలి నిప్పురవ్వలు రాలుతాయి. ఆ రవ్వలు రాతివి అని చాలామంది అనుకుంటారు. గట్టి రాయి ఉక్కును గీరినప్పుడు ఊడివచ్చే సన్నటి ఇనుప రజను గాలి తగిలి మండడమే రవ్వ. అంటే గొడ్డలి తనను తాను కొంచెం కొంచెం ఇచ్చుకుంటేనే నిప్పు పుడుతోంది. ఇది తెలిశాక ఆ ఘట్టం నాకు ఇంకా దగ్గరైంది. అయినా రవ్వ ఒక్కటే చాలదు. గడ్డి పెడతాడు, అంటుకోదు. బర్చి చెట్టు బెరడును సన్నగా చీల్చి గూడులా పేర్చాలి, ఊపిరి ఊదాలి. నిప్పుకు ఏం కావాలో తెలుసుకున్న తరువాతే నిప్పు వస్తుంది.

ఇప్పుడు చివరికి రండి. మునిగిన విమానం తోక పైకి తేలుతుంది, అందులోని సంచిలో తుపాకి, లైటరు దొరుకుతాయి. తుపాకి పట్టుకోగానే తనలో ఏదో మారినట్టు, చుట్టూ ఉన్నదాని నుంచి తాను తెగిపోయినట్టు అనిపిస్తుంది బ్రయన్‌కు. అది లేనప్పుడు అడవిలో ఇమడాలి, పక్షి ఎలా కూర్చుంటుందో చూడాలి. అది ఉంటే దూరం నుంచి కాల్చవచ్చు, ఇమడనక్కరలేదు. లైటరుతో మంట వేసినప్పుడూ అదే అనుభూతి. ఒకే పని చేసే రెండు వస్తువులను పక్కపక్కన పెట్టడం ఇక్కడి శిల్పం. గొడ్డలి అడిగినది కష్టం, నేర్పు. లైటరు ఏమీ అడగలేదు. 'నాకు ఎవరు సాయం చేస్తారు' అని ఏడ్చిన పిల్లవాడు 'నాకు ఏం తెలుసు' అని అడిగే పిల్లవాడిగా మారాడని రచయిత ప్రకటించలేదు. తుపాకిని గోడకు ఆనించి పెట్టించాడు, అంతే.

మీ అబ్బాయికి జవాబు చెప్పకండి. 'ఆ తుపాకి మొదటి రోజే దొరికి ఉంటే ఏమయ్యేది?' అని తిరిగి అడగండి.

ప్రశ్న: నా కథలో 'అడవి కోపంగా చూసింది', 'కొండలు పగబట్టాయి' అని రాశాను. చదివిన మిత్రుడు ఇది పాత పద్ధతి, ప్రకృతికి మనసు ఉండదు అంటున్నాడు. మానవీకరణ మానేయాలా?

జవాబు: మానేయనక్కరలేదు. ఆ కోపం ఎవరిదో తేల్చుకోవాలి. రచయిత అడవికి కోపం ఉందని అంటే పాఠకుడికి అది ఒక అలంకారం. దారి తప్పి రెండు రోజులు నిద్రలేని మనిషికి అడవి కోపంగా కనబడితే అది అతడి స్థితి.

ఇందాకటి పడవ కథలోనే దీనికి మంచి పాఠం ఉంది. తీరం కనబడుతున్నా చేరలేకపోతున్న మనుషులు మొదట విధిని బుద్ధిలేని ముసలిదానిలా ఊహించుకుని తిట్టుకుంటారు. ఎదురుగా ఒకరు ఉన్నారనుకుంటే తిట్టవచ్చు, బతిమాలవచ్చు. రాత్రి గడిచేకొద్దీ ఆ ముసలమ్మ మాయమవుతుంది. ఎత్తున ఒక చల్లని నక్షత్రం మిగులుతుంది. తెల్లవారాక ఒడ్డున ఒక గాలిమర స్తంభం, చీమల కష్టానికి వీపు తిప్పి నిలబడ్డ మహాకాయుడిలా కనబడుతుంది. ప్రకృతి క్రూరంగానూ లేదు, దయగానూ లేదు. దానికి పట్టదు, అంతే అని విలేకరికి అప్పుడు తడుతుంది. ఆ పట్టనితనాన్ని చూపించడానికి క్రేన్ ముందు ముఖం ఇచ్చాడు, తరువాత ఆ ముఖాన్ని తిప్పేశాడు. ముఖమే ఇవ్వకుండా ఉంటే తిప్పిన వీపు మనకు కనబడేది కాదు.

కాబట్టి మీ కథలో కొండలు మొదటి రోజు పగబట్టనివ్వండి. నాలుగో రోజు కూడా పగతోనే ఉంటే మాత్రం మీ పాత్ర ఏమీ నేర్చుకోలేదని అర్థం. అది మీరు కోరి చేసినదైతే సరే.

ప్రశ్న: అమ్మా, నేను పద్యం మీద పెరిగినవాణ్ణి. మీరు ఎప్పుడూ పాశ్చాత్య కథలే చెబుతారు. అడవిలో ప్రాణం కోసం పోరాటం మన సాహిత్యంలో లేదా? ఆ కథల్లో శబ్దాలంకారానికి చోటు ఉందా?

జవాబు: అయ్యా, మీ మందలింపు న్యాయమైనది. ఈ జవాబు రాయడం నాకు సంతోషం.

గజేంద్ర మోక్షం ఒకసారి భక్తికథగా కాకుండా ప్రాణపోరాటంగా చదవండి. అడవిలో తిరుగులేని ఏనుగు, దాహం, మడుగు, నీళ్లలో మొసలి. పోతన రాసిన ఈ కందం మీకు కంఠస్థమే అయి ఉంటుంది:

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచు గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును నతల కుతల భటు లదిరిపడన్

దీన్ని వృత్త్యనుప్రాసకు, అంటే ఒకే హల్లు పదేపదే రావడానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తాం. గొంతెత్తి చదివితే ఏం జరుగుతోందో చూడండి. కరి, మకరి. ఒక్క అక్షరం తేడా. ఎవరు ఎవరిని లాగుతున్నారో నాలుక తడబడుతుంది. సరసికి, దరికి, నీళ్లలోకి, ఒడ్డుకు. వాక్యం ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఇద్దరిలో ఎవరిదీ పైచేయి కాదని పద్యం చెప్పలేదు; చదివేవాడి నోటిలో ఆ లాగులాట జరిపించింది. 'పోరు హోరాహోరీగా సాగింది' అని వంద వాక్యాలు రాసినా ఇది రాదు.

ఆపైన 'లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె' అన్న శార్దూలం వస్తుంది. శార్దూలం పంతొమ్మిది అక్షరాల పెద్ద పాదం. గంభీరంగా సాగదీయడానికి వీలైన వృత్తం. పోతన దాన్ని తుంపులు చేశాడు. బలం లేదు. ధైర్యం సడలింది. ప్రాణాలు ఠావులు తప్పాయి. మూర్ఛ వచ్చింది. ఒళ్లు డస్సింది. శ్రమ అవుతోంది. ఊపిరి అందనివాడు మాట్లాడే తీరు ఇది. అంత పెద్ద దేహం, అంత పెద్ద వృత్తం, లోపల ఇంత చిన్న చిన్న మాటలు. ఏనుగుకు తన బలం మీద ఉన్న నమ్మకం ఎలా చివికిందో ఛందస్సే చూపించింది.

అదే మొసలిని చూసి వేమన 'స్థానబలిమి కాని తన బలిమి కాదయా' అన్నాడు. నీళ్లలో ఏనుగును పట్టిన మొసలి బయటికి వస్తే కుక్క చేత భంగపడుతుంది. లండన్ కథలోని మనిషి వేరే చోట చురుకైనవాడే. ఆ చలిలో ఆ చురుకుతనం చెల్లలేదు. పక్కన నడిచిన కుక్కకు చెల్లింది. వేల మైళ్ల దూరంలో, వందల ఏళ్ల తేడాతో ఒకే ఆలోచన రెండు రూపాల్లో కనబడితే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వచనంలో శబ్దానికి చోటు ఉందా అంటే, తప్పకుండా ఉంది. అలసిన మనిషి గురించి రాసేటప్పుడు వాక్యం కూడా అలసిపోవాలి. అంతకుమించి సూత్రం నా దగ్గర లేదు.

ప్రశ్న: విమర్శనాత్మక వ్యంగ్యం ఇలాంటి గంభీరమైన కథల్లో ఇముడుతుందా?

జవాబు: 1719 నాటి 'రాబిన్‌సన్ క్రూసో'లో ఒక చిన్న ఘట్టం చాలు. పగిలిన ఓడలో క్రూసోకు సుమారు 36 పౌండ్ల డబ్బు దొరుకుతుంది. ఈ దీవిలో నువ్వెందుకు పనికొస్తావు, ఒక్క కత్తి విలువ కూడా నీకు లేదు అని డబ్బును తెగ నిందిస్తాడు. తరువాత మళ్లీ ఆలోచించి మూట కట్టుకుని తీసుకుపోతాడు. రచయిత వ్యాఖ్యానం చేయడు. మనిషి తన నాగరికతను ఎంత దూరం మోసుకుపోతాడో ఆ మూటలో ఉంది.

ప్రశ్న: దారి తప్పినవాడు తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే రావడం చాలా కథల్లో చూశాను. తండ్రిని పోగొట్టుకున్న ఒక కుర్రవాడి మీద నేను రాసిన కథ చిత్తుప్రతి జత చేశాను; దాని నిర్మాణం కూడా అలాగే వలయంలా ఉంది. ఇది అరిగిపోయిన పద్ధతేనా?

జవాబు: మనుషులు నిజంగానే వలయాల్లో నడుస్తారు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన పరిశోధకులు కొందరిని జర్మనీలో ఒక అడవిలోనూ సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమని చెప్పి, ఉపగ్రహాల సాయంతో వారి దారిని నమోదు చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. సూర్యుడు కనబడినప్పుడు వాళ్లు దాదాపు తిన్నగా నడిచారు. మబ్బు పట్టినప్పుడు తమ దారినే తాము అడ్డంగా దాటుతూ తిరిగారు, తిరుగుతున్నామని తెలియకుండానే. కళ్లకు గంతలు కట్టినప్పుడు కొందరు 20 మీటర్ల వ్యాసమంత చిన్న వలయాల్లో కూడా తిరిగారు.

మీ చిత్తుప్రతిలో మీ పాత్ర మండుటెండలో వలయంగా తిరుగుతున్నాడు. అందుకే అది అరిగినట్టు అనిపిస్తోంది. మబ్బు తీసుకురండి. పైనుంచి గుర్తు పోయింది కాబట్టి కింద దారి పోయింది అన్నది అప్పుడు మీ నిర్మాణమే చెబుతుంది. తండ్రిని పోగొట్టుకున్న కుర్రవాడి కథ కదా మీది; ఆ మబ్బు గురించి ఇంకేమీ రాయనక్కరలేదు.

ప్రశ్న: నా కథ జత చేస్తున్నాను. కొండల్లో రాళ్ల నమూనాలు సేకరించే ఒక యువతి నాలుగు రోజులు దారి తప్పుతుంది. చివర్లో ఆమెను కాపాడతారు. ఆఖరి వాక్యం: 'ప్రకృతి ముందు మనిషి ఎంత అల్పుడో ఆమెకు అర్థమైంది.' ఆమె బతకడం వల్ల కథ తేలిపోయిందని మా అన్నయ్య అంటున్నాడు. చంపేయనా?

జవాబు: చావు బరువును అరువు తెచ్చుకోకండి.

లండన్ ఆ చలి కథను రెండుసార్లు రాశాడన్నది మీకు పనికొస్తుంది. 1902లో బాలల పత్రికలో వచ్చిన మొదటి కథలో మనిషికి పేరు ఉంది, టామ్ విన్సెంట్. కుక్క లేదు. చేతులూ కాళ్లూ దెబ్బతిన్నా బతికి బయటపడతాడు, ఒంటరిగా ప్రయాణం చేయకూడదన్న నీతి నేర్చుకుంటాడు. ఆరేళ్ల తరువాత వచ్చిన కథలో పేరు పోయింది, కుక్క వచ్చింది, మనిషి చనిపోయాడు. చావు వల్ల రెండోది గొప్పదైందని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. మొదటి కథలో నీతిని మాటల్లో చెప్పాడు. రెండో కథలో అదే హెచ్చరికను ఒక పాత కాపు నోట ముందే పెట్టి, దాన్ని నవ్వి తోసేసిన మనిషి దగ్గర వదిలాడు. చివర్లో మనిషి కదలకపోవడం చూసి కుక్క కాసేపు ఎదురుచూస్తుంది, వాసన పసిగడుతుంది, నిప్పూ తిండీ ఇచ్చే వేరే మనుషులు ఉన్న శిబిరం వైపు పరుగు తీస్తుంది. ఆ పరుగులో ద్రోహం లేదు, శోకం లేదు. మాట ఎక్కడ ఉందన్నదే ఈ రెండు కథలకూ తేడా.

మీ ఆఖరి వాక్యం తీసేయండి. అది మీ కథలో లేదు. మీ కథలో ఉన్నది వేరే, అది మూడో పేజీలో ఉంది.

దానికి ముందు నా సంగతి ఒకటి. చాలా ఏళ్ల కిందట అడవిలో తప్పిపోయిన ఇద్దరు పిల్లల కథ రాసి ఒక పత్రికకు పంపాను. వాళ్ల చేతిలో టార్చిలైటు ఉంది. అది ఆశకు ప్రతీక అని నా మనసులో గట్టిగా ఉంది. కథ తిరిగి వచ్చింది. అంచున ఎర్రసిరాతో ఒకే ప్రశ్న: 'ఈ టార్చి ఎప్పుడు ఆరిపోతుంది?' నాలుగు రాత్రులు ఏకధాటిగా వెలిగించాను దాన్ని. బ్యాటరీల సంగతే తట్టలేదు. ఆ రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. పెద్ద పిల్ల టార్చిని ఎప్పుడు వెలిగించాలో, ఎప్పుడు చీకట్లోనే కూర్చోవాలో నిర్ణయించుకోవలసి వచ్చింది. చిన్నవాడు ఏడుస్తున్నా ఒకసారి వెలిగించకుండా ఊరుకుంది. ఆ క్షణంలో ఆమె అక్క అయింది. ఆశ గురించి నేను ఒక్క మాటా రాయవలసిన అవసరం రాలేదు. ఆ ఎర్రసిరా ప్రశ్నను నేను ఇప్పటికీ ప్రతి చిత్తుప్రతినీ అడుగుతాను.

ఇప్పుడు మీ మూడో పేజీ. రెండో రోజు వాగు దాటుతుండగా ఆమె నీళ్ల సీసా మూత చేజారి కొట్టుకుపోతుంది. ఒక్క వాక్యం. ఆ తరువాత మీరు దాన్ని మరిచిపోయారు. ఐదో పేజీలో ఆమె పరుగెత్తుతుంది, ఏడో పేజీలో రెండు చేతులతో బండ ఎక్కుతుంది, రాత్రి సీసాను తల కింద పెట్టుకుని పడుకుంటుంది. మూత లేని సీసాతో ఇవేవీ కుదరవు కదా!

ఆలోచించండి. మీ మొదటి పేజీలో ఆమె తొందరమనిషి. తోటివాళ్లను వెనక వదిలి ముందుకు నడిచిందనే దారి తప్పింది. ఇప్పుడు ఆమె చేతిలో మూత లేని సీసా ఉంది, అందులో సగం నీళ్లు. పరుగెత్తితే ఒలికిపోతాయి. బండ ఎక్కాలంటే ముందు సీసాను పైన ఎక్కడో నిలబెట్టి, తరువాత తాను ఎక్కాలి. అంటే ఎక్కబోయే చోటును ముందు చేత్తో తడిమి చూడాలి. పడుకునే ముందు నేల చదును చేసి, రాళ్లు పేర్చి, సీసాకు ఒక గూడు కట్టాలి. రాళ్ల గురించి చదువుకున్న అమ్మాయి, రాళ్లను నమూనాలుగా మాత్రమే చూసిన అమ్మాయి, ఇప్పుడు ఏ రాయి కదలదో చూసి ఏరుకుంటుంది. తనను నెమ్మదిగా నడిపించేది ఆ సీసాయే. కోపం వస్తుంది దాని మీద. ఒక్క గుక్కలో తాగేసి పారేద్దామని కూడా అనిపించాలి. ఆ ఘట్టం రాయండి, దాన్ని తొందరగా దాటకండి.

ఆమె అల్పురాలని తెలుసుకోవడం కంటే ఇది మీ కథకు చెందిన విషయం. మీరు పెట్టిన మూతే దీన్ని మీకు ఇచ్చింది.

ఆమెను బతకనివ్వండి. వెతికేవాళ్లు వచ్చినప్పుడు ఆమె వాళ్ల వైపు పరుగెత్తుతుందా, నడుస్తుందా? వాళ్లు కొత్త నీళ్లు ఇస్తే పాత సీసాను ఏం చేస్తుంది? ఈ రెండూ తేల్చుకుని, ఆఖరి పేజీ తిరగరాసి పంపండి. ఈసారి మీ అన్నయ్యకు చూపించే ముందు నాకు పంపండి.